ఓవెన్ అక్కర్లేని ఖర్జూరం చాక్లెట్ ముక్కలు

మా నాన్న కువైట్‌లో డ్రైవరు. ఏడాదికోసారి వస్తాడు. మధ్యలో మా కడప జిల్లా వాళ్లెవరైనా వస్తుంటే వాళ్ల చేత డబ్బా పంపిస్తాడు. అందులో చాక్లెట్లు, ఖర్జూరాలు ఖాయం. చాక్లెట్లు నేనూ చెల్లీ రెండ్రోజుల్లో ఖాళీ చేస్తాం. ఖర్జూరాలు మాత్రం జేజి తప్ప ఎవరూ ముట్టుకోం. ఈ సంగతి నాన్నకి ఎవరూ చెప్పలేదు.

మొన్న ఏప్రిల్లో నాన్న వస్తున్నాడని అమ్మ ఫ్రిజ్ సర్దుతుంటే, సంక్రాంతికి పంపిన డబ్బా సగానికి పైగా అలాగే ఉంది. పారేయడానికి అమ్మకి మనసు రాలేదు, ఆయన కంట పడేలా ఉంచడానికీ రాలేదు. డబ్బా నాకిచ్చి "ఏదో ఒకటి చెయ్" అంది.

మా ఇంట్లో ఓవెన్ లేదు. అందుకే ఫ్రీజరు వంట. గింజ తీసిన ఖర్జూరాలు పావు కేజీ, డార్క్ చాక్లెట్ 150 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 200 మి.లీ., అర గ్లాసు పాలు, వేయించి పొట్టు తీసిన చెనిక్కాయ గింజలు గుప్పెడు, చిటికెడు ఉప్పు. చక్కెర వద్దు.

ఖర్జూరాల్ని వేడి పాలలో పావుగంట నానబెట్టి, ఆ పాలతోనే మిక్సీ పట్టాలి. నానకుండా వేస్తే బ్లేడు ఇరుక్కుంటుంది (మా మిక్సీకి సారీ).

అసలు కథ చాక్లెట్ దగ్గరుంది. షాపులో కొన్న చాక్లెట్ మీద తెల్లటి మరకలుంటే బూజనుకున్నా. కాదు. అందులోని కోకో బటర్ దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది. మా ఎండలకి కరిగి, మళ్లీ గడ్డకట్టేటప్పుడు పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది. కరిగిస్తే మామూలైపోతుంది. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు.

మొదటిసారి ఆవిరి చుక్కలు రెండు లోపల పడ్డాయి. నున్నగా ఉన్న చాక్లెట్ ఒక్కసారిగా ఇసకలా బిగుసుకుపోయింది. చాక్లెట్ అంటే కొవ్వులో తేలే పొడి చక్కెర, కోకో. కాస్త తడి తగిలితే ఆ పొడి అంతా ఒకదానికొకటి అంటుకుంటుంది. విచిత్రం ఏంటంటే, చుక్క నీళ్లు పాడుచేసిన దాన్ని అర గ్లాసు వేడి క్రీమ్ బాగుచేస్తుంది. తడి ఎక్కువైతే చక్కెర అందులో కరిగిపోయి ముద్ద విడిపోతుంది. డీబగ్గింగ్‌లో ఇంత సంతోషం నాకెప్పుడూ రాలేదు. అందుకే ఇప్పుడు ముందే క్రీమ్ మొత్తం గోరువెచ్చగా చేసి ఒకేసారి పోసేస్తా. చల్లటిది పోస్తే మళ్లీ ఉండలు కడుతుంది.

తర్వాత ఖర్జూరం ముద్ద, గింజలు, ఉప్పు కలిపి రుచి చూడండి. తీపి కాస్త ఎక్కువనిపించాలి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. నెయ్యి రాసిన స్టీలు డబ్బాలో సర్ది, మూతపెట్టి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచాలి. ఖర్జూరంలో చక్కెర ఎక్కువ కాబట్టి ఐస్ గడ్డలా రాయి అవ్వదు. పది నిమిషాలు బయట పెట్టి, వేడి నీళ్లలో ముంచిన కత్తితో కోస్తే చాలు.

నాన్న రెండు ముక్కలు తిని "ఏం వేశావు ఇందులో?" అన్నాడు.

"నువ్వు పంపిన ఖర్జూరాలే నాన్నా."

"సంక్రాంతివి" అని జేజి పక్క నుంచి లెక్కతో సహా అందించింది. అమ్మ నా వైపు చూసింది. నాన్న ఏమీ అనలేదు. మూడో ముక్క తీసుకున్నాడు.

వెళ్లేటప్పుడు కొన్ని కట్టిద్దామంటే దారిలోనే కరిగిపోతాయి. అక్కడ రూములో ఓవెన్ లేదట, ఫ్రిజ్ ఉందట. అందుకే పైన చెప్పిందంతా ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను, ఒత్తులు చెల్లి దిద్దింది. మిక్సీ కూడా లేదంటే, పాలలో గంటసేపు నానబెట్టి గరిటెతో మెదుపుకోమని కింద ఇంకో లైను కలిపాను.