తలక్రిందులైన లోకం: ‘సుల్తానా కల’ – ఒక పరిశీలన

వైజ్ఞానిక కల్పన అనగానే మన విద్యార్థులకు స్ఫురించేవి జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్ నామములే. ఆ కోవకు చెందిన ఒక చక్కని వ్యంగ్య రచన 1905లో మన దేశంలోనే, ఒక ముస్లిం మహిళ కలం నుండి వెలువడినదన్న సంగతి ఎరిగినవారు స్వల్పం. దానిని తొలుత ప్రకటించినది మద్రాసు నుండి వెలువడిన ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’. ఆ పత్రికా సంపాదకురాలు తెలుగు కుటుంబంలో జన్మించిన కమలా సత్యనాథన్. కనుక ఈ రచన మనకు పరాయిది కాదు.

రచయిత్రి బేగం రొఖయా సఖావత్ హుసేన్ 1880లో నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతాన జమీందారీ కుటుంబంలో జన్మించారు. పాఠశాల గడప తొక్కే భాగ్యం ఆమెకు లేదు. రాత్రివేళ, ఇంటివారు నిద్రించిన పిదప, అన్నగారి వద్ద దీపపు వెలుగులో ఆంగ్లం, బెంగాలీ అభ్యసించారు. భర్త మరణానంతరం 1909లో భాగల్పూర్‌లోనూ, తిరిగి 1911లో కలకత్తాలోనూ బాలికల పాఠశాలను స్థాపించి, 1932లో కన్నుమూసేవరకు దానిని నడిపారు.

కథావస్తువు సరళమైనది. సుల్తానా కుర్చీలో కునికిపాట్లు పడుతూ ఒక కల గంటుంది. ఆ కలలోని దేశంలో స్త్రీలు వీధులలో నిర్భయంగా సంచరిస్తారు. పురుషులు ‘మర్దానా’లో ఉండి వంట చేస్తారు, పిల్లలను సాకుతారు. ఈ మార్పు మంత్రబలం వల్ల వచ్చినది కాదు. ఆ దేశపు రాణి బాలికలందరికీ విద్య విధించి, ఇరువదియొక్క సంవత్సరములు నిండనిదే పెండ్లి కూడదని శాసించింది. స్త్రీల విశ్వవిద్యాలయాలు ఆకాశంలోని నీటిని గొట్టాల ద్వారా గ్రహించే సాధనాన్నీ, సూర్యుని వేడిమిని నిలువచేసే యంత్రాన్నీ నిర్మించాయి. పురుషులు దానిని ఎగతాళి చేశారు. తీరా శత్రువు దండెత్తగా వారి సైన్యం ఓడింది. అప్పుడు రెండువేల మంది విద్యార్థినులు సూర్యకిరణాలను శత్రువుపైకి మరల్చి దేశాన్ని కాపాడారు. అంతకు ముందు వారు కోరిన కోరిక ఒక్కటే: మా పర్దాకు భంగం కలుగకుండా పురుషులు జనానాలోకి వెళ్ళవలెను! వెళ్ళినవారు మరల బయటికి రాలేదు.

ఇట్టి తలక్రిందుల లోకాన్ని తెలుగులో అంతకు పూర్వమే, 1890ల నాటి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ గ్రంథంలో కందుకూరి వీరేశలింగంగారు చిత్రించారు. స్విఫ్ట్ రచించిన ‘గలివర్ యాత్రలు’ దానికి ప్రేరణ. స్త్రీలు ఏలే దేశానికి చేరిన సత్యరాజు, మన స్త్రీలకు విధించిన కట్టుబాట్లు అక్కడ పురుషుల మెడకు చుట్టుకొని ఉండుట చూస్తాడు. ఉభయ రచనలకూ వ్యంగ్య మార్గం ఒక్కటే. భేదం దృష్టిలో ఉన్నది. అక్కడ చూచేవాడు పురుషుడు. ఇక్కడ పర్దా మాటున పెరిగిన స్త్రీ. వీరేశలింగంగారు దురాచారపు వికృతిని చూపారు. రొఖయా మరొక అడుగు వేసి, దాని నుండి బయటపడే ద్వారం ప్రయోగశాలలో ఉన్నదని చూపారు.

అయితే పురుషులను బంధించుట న్యాయమా అని కొందరు ప్రశ్నిస్తారు. న్యాయం కాదు. ఆ అన్యాయం మనకు ఇంత సులభంగా కనబడుతున్నదే, దాని ప్రతిబింబం ఇన్నాళ్ళు ఎందుకు కనబడలేదన్నదే రచయిత్రి ప్రశ్న.

ఈ రచనలో ఒక హాస్యపు లెక్క ఉన్నది. ఒక చుట్ట కాలుటకు అరగంట. పురుషుడు దినమునకు పన్నెండు కాల్చిన, ఆరు గంటలు పొగపాలు! ఆ పనినే స్త్రీలు రెండు గంటలలో ముగిస్తారట. తరగతిలో ఈ మాట చెప్పగా అందరూ నవ్వారు. వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థిని లేచి, “సార్, చుట్ట కాల్చే లెక్క ఉన్నది గాని, చుట్టే లెక్క లేదు గదా!” అన్నది. నవ్వు ఆగిపోయింది. ఆమె తల్లి బీడీలు చుడుతుంది.

ఆ బాలిక మాట నాకు ఏ విమర్శ గ్రంథమూ నేర్పని పాఠం నేర్పింది. రొఖయా కలలో పొలాలు విద్యుత్తుతో పండుతాయి, వంట ఎండతో ఉడుకుతుంది. కాని ఒడిలో చాట పెట్టుకొని వేయి బీడీల లెక్కన కూలి పొందే స్త్రీ అందులో లేదు. మన జిల్లాలో నీటిని పట్టే విద్య కొరవడలేదు. 1931 నాటికి మంజీరపై నిజాంసాగర్ పూర్తయినది. ఆ నీటి చెరకుతో బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ వెలసి, 2015లో మూతపడినది. ఇంత విజ్ఞానం చూచిన నేలపై తునికాకు, కత్తెర మాత్రం తల్లి చేతి నుండి కూతురి చేతికి దిగుతూనే ఉన్నాయి. నీటిని పట్టిన విద్య ఇంటి గడప దాటి ఆ చేతులను చేరలేదు.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో హాజరు పట్టీలో ఉన్న పేర్లు కొన్ని రెండవ సంవత్సరంలో ఉండవు. అడిగితే “పెండ్లి కుదిరింది సార్” అంటారు. ఇరువదియొక్క సంవత్సరముల నియమాన్ని నూరేండ్లకు పూర్వం ఒక పర్దానషీన్ స్త్రీ కలగా వ్రాసుకొన్నదని ఆ తండ్రులకు ఎవరు చెప్పాలి?

విద్యార్థులారా, ఈ చిన్న పుస్తకాన్ని ఇంటికి తీసుకొనిపోండి. ఉర్దూలోనో, తెలుగులోనో, మీ అమ్మకు అర్థమయ్యే భాషలో చెప్పండి. ఆమె బీడీలు చుడుతూనే వింటుంది. ఎక్కడ నవ్విందో, ఎక్కడ చేయి ఆగిందో గమనించండి. రొఖయా విడిచిన లెక్కను పూర్తిచేయవలసినవారు మీరే.