గుట్ట మీద రాతి గుడి

యాదగిరిగుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. స్వామి ఉన్న గుహను కదిలించలేదు. దాని చుట్టూ నల్లరాతితో గుడిని తిరిగి కట్టారు. 2022 మార్చి 28న తెరిచారు.

అత్తా కోడళ్లు గుట్టకు వెళ్లారు. పడమటి గోపురానికి ఏడు అంతస్తులు. అత్త తల ఎత్తి చూసింది.

"రాళ్లను సిమెంటుతో అతికిండ్రా?"

"లేదత్తా. సున్నంల బెల్లం, కరక్కాయ, కలబంద కలిపిండ్రు. పేపర్ల చదివిన."

"మా నాయన సున్నం పని చేసేటోడు. బెల్లం, కరక్కాయ కలిపేటోడు. ఏది ఎంతో ఆయనకే ఎరుక."

"నీకు యాదికున్నదా?"

"కొంచెం ఉన్నది."

"నువ్వు చెప్పు. నేను రాసి పెడతా."

పెద్దల పనితనం రాసి పెడితే నిలుస్తుంది.

ప్రశ్నలు:
1. గుడిని ఏ రాతితో కట్టారు?
2. సున్నంలో ఏమేమి కలిపారు?
3. మీ పెద్దలకు తెలిసిన పని ఏది? రెండు మాటలు రాయండి.