కోట మ్యూజియం – చెన్నపట్టణపు తొలి కాపురాలు

సెయింట్ జార్జి కోట లోపల, 1795లో పూర్తయిన పాత ఎక్స్ఛేంజి భవనంలో ఒక మ్యూజియం ఉన్నది. వర్తకులు కూడి బేరసారాలు జరుపుకొనుటకు కట్టిన మేడ అది. 1948 నుండి ప్రదర్శనశాల. నాణేలు, ఆయుధాలు, పాత లేఖలు, గవర్నర్ల నిలువెత్తు చిత్రపటాలు అక్కడ చూడవచ్చును. 1947 ఆగస్టు 15న ఈ కోటపై ఎగిరిన పట్టు జెండా కూడా అక్కడనే భద్రముగా ఉన్నది. శుక్రవారం సెలవు.

చిత్రపటాలు దొరలవి. ఊరు నిలిపినవారి పటాలు ఎవరూ గీయలేదు. వారిలో మనవారు అనేకులు.

1639లో విజయనగర ప్రభువుల సామంతుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ ఇసుక తీరాన కోట కట్టుకొనుటకు ఆంగ్ల వర్తకుడు ఫ్రాన్సిస్ డేకు అనుమతి ఇచ్చెను. నాయకుని తండ్రి చెన్నప్ప పేరిటనే చెన్నపట్టణము వెలసినది. అప్పటివరకు ఆంగ్లేయుల మకాం నెల్లూరు సీమలోని దుర్గరాజపట్నం. 1640 ఫిబ్రవరిలో అక్కడి నుండి ఇటు తరలివచ్చిరి. వారికి తోడు నిలిచిన స్థానిక వర్తకుడు బేరి తిమ్మన్న.

కోట ఉంటే చాలదు, కంపెనీకి బట్ట కావలెను. ముప్పది ఏండ్లు సుంకం ఉండదని చాటగా నేతగాండ్రు, అద్దకపువారు కుటుంబాలతో వచ్చి కోటకు ఉత్తరాన స్థిరపడిరి. తెలుగు, తమిళం పక్కపక్కన వినిపించిన పేట అది. నూరేండ్లు దాటిన తరువాత ఫ్రెంచివారితో యుద్ధాలు వచ్చినవి. కోట ముంగిట ఇండ్లుంటే శత్రువుకు చాటు దొరుకునని ఆ పేటను, అందలి చెన్నకేశవస్వామి గుడిని తొలగించిరి. గుడిని నేటి జార్జిటౌనులో తిరిగి కట్టిరి. పాత పేట నేల మీద ఇప్పుడు హైకోర్టు ఉన్నది. పన్ను మినహాయింపుకు గడువు ఉన్నట్లే, ఇంటికీ గడువు ఉండినదన్నమాట!

వర్తకులకూ అంతే. కంపెనీకి ప్రధాన వర్తకుడుగా వెలిగిన సుంకు రామ కూవం వంపులో పెద్ద తోట వేసుకొనెను. ఆయనపై దొరల దయ తప్పినది. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలమున ఆ తోట నేలనే తీసుకొని నేతగాండ్రకు ఊరు కట్టిరి. తమిళమున ‘చిన్న తఱి పేట్టై’, అనగా చిన్న మగ్గాల పేట, అదే చింతాద్రిపేట. బస్సు బోర్డులపై ఈ పేరు చదివి ‘చింత’ చెట్టును తలచేవారు మనలో ఉన్నారు. అనువాదము చేపట్టక మునుపు నేనూ అట్లే తలచితిని.

అభ్యాసము: మీరు నివసించు పేటకు ఆ పేరెట్లు వచ్చినదో ఇరుగుపొరుగు తమిళ పెద్దలను అడిగి తెలిసికొనుడు.