బూడిదలో పోసిన పన్నీరు కాదు

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి జుర్రేరు లోయలో నేలను నిలువుగా కోసి చూస్తే, మట్టి పొరల మధ్య తెల్లగా, మెత్తగా ఓ పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల మనిషి ఎత్తుకు మించిన మందం. చూడగానే సున్నం అనుకుంటారు. నిజానికి అది బూడిద. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు, బంగాళాఖాతం దాటి గాలిలో కొట్టుకొచ్చి రాయలసీమ మీద కురిసింది. కురిసింది కొద్ది సెంటీమీటర్లే. చుట్టూ గుట్టల మీద పడినదాన్ని వాన నీళ్లు కడిగి లోయలోకి చేర్చడంతో పొర అంత మందమైంది.

ఇదే బూడిద బంగాళాఖాతం అడుగున కూడా ఉంది. ఆ సముద్రాన్ని చదివే చదువు, ఆ చదువుకు కొలువిచ్చే కార్యాలయాలు విశాఖలోనే ఉన్నాయి. అయినా ఇంటర్ అయిపోయిన పిల్లలకు ఇంజినీరింగ్, మెడిసిన్ తర్వాత జియాలజీ పేరు చెప్పేవాళ్లు మన ఊళ్లో తక్కువ. చెప్పినా పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘రాళ్లు కొట్టుకుని బతుకుతావా?’

ముందే ఒక మాట. ‘అగ్నిపర్వత బూడిద నిపుణులు కావలెను’ అనే ప్రకటన ఏ పేపర్లోనూ పడదు. బూడిద మీకు పీహెచ్‌డీ అంశం కావచ్చు, ఒక ప్రాజెక్టు కావచ్చు. ఉద్యోగం ఇప్పించేది మాత్రం దాన్ని చదవడానికి నేర్చుకునే పనితనం. కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో ముందు చూడండి.

ఓడ మీద నుంచి పొడవాటి గొట్టాన్ని సముద్రపు అడుగులోకి దించి బురదను నిలువు కడ్డీలా పైకి తీస్తారు. దాన్ని కోర్ అంటారు. నిలువునా రెండుగా చీల్చి, సెంటీమీటరు లెక్కన ముక్కలు తీసి, సన్నటి జల్లెడలో కడుగుతారు. మిగిలిన ఇసుకలో గవ్వల వంటి సూక్ష్మజీవుల పెంకులు, ఖనిజాలు, అదృష్టం ఉంటే అగ్నిపర్వతపు గాజు ఉంటాయి. బరువైన ద్రవంలో వేస్తే ఖనిజాలు మునుగుతాయి, తేలికైన గాజు పైకి తేలుతుంది. మైక్రోస్కోపు కింద ఆ గాజు రంగు లేకుండా, వంపు తిరిగి, కొన్ని మూడు కొమ్మలుగా చీలి కనిపిస్తుంది. కరిగిన రాతిలో నురగలా పొంగిన బుడగలు పగిలినప్పుడు మిగిలిన గోడలవి. వాటిని రెజిన్‌లో పోసి, అద్దంలా నునుపు చేసి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ కింద పెడితే ఒక్కొక్క ముక్కలో సిలికా ఎంత, పొటాషియం ఎంత అన్నది లెక్క తేలుతుంది. తోబా గాజులో సిలికా 77 శాతం దాకా ఉంటుంది. ఈ లెక్కే ఆ బూడిద ఏ కొండదో పట్టిస్తుంది.

పట్టించినా పేచీ తీరదు. తోబా ఒక్కసారే పేలలేదు. లక్షల ఏళ్ల కిందటి పేలుళ్ల గాజు కూడా రసాయనికంగా దాదాపు ఇలాగే ఉంటుంది. మహారాష్ట్రలో పుణె దగ్గరి బోరి అనే చోట దొరికిన బూడిద 74 వేల ఏళ్లదా, అంతకంటే ఎంతో పాతదా అని శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. అక్కడ బూడిదతో పాటు రాతి పనిముట్లు ఉన్నాయి మరి. బూడిద వయసు మారితే మనిషి చరిత్రే మారిపోతుంది. ఈ రంగంలో కొలత తెలిసినవాడికి, కొలతను అనుమానించడం తెలిసినవాడికి విలువ.

ఇక వాతావరణం. పేలుడులో బూడిదకంటే ఎక్కువ ప్రభావం గంధకానిది. అది పైవాతావరణంలోకి చేరి సన్నటి ఆమ్ల తుంపరలుగా మారి సూర్యరశ్మిని వెనక్కి తిప్పేస్తుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలినప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. తోబా దానికి వందల రెట్లు పెద్దది. మరి అప్పుడు ఎంత చల్లబడింది? 2009లో బంగాళాఖాతపు కోర్‌లోని పుప్పొడిని చదివినవాళ్లు అడవులు తగ్గి గడ్డినేలలు పెరిగాయన్నారు. 2013లో ఆఫ్రికాలోని మలావి సరస్సు అడుగున ఇదే బూడిదను గుర్తించినవాళ్లకు అక్కడ పెద్ద చలి జాడ కనిపించలేదు. మన జ్వాలాపురంలో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్ బృందం బూడిద కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లు చూపించింది. మనుషులు ఆ ఉపద్రవాన్ని తట్టుకున్నారన్నది వాళ్ల వాదన. అది 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఇన్ని వేల మైళ్ల దూరంలోని మట్టిని పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతున్నారంటే, అన్నిటిలోనూ ఒకే కాలంలో పడిన ఈ పొర ఉండబట్టే. వాదన ఇంకా తెగలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు పని మిగిలే ఉంది.

విశాఖకు ఈ విషయంలో వారసత్వం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం 1941 నాటిది. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడికి వచ్చి పనిచేశారు. తీరానికి అవతల సముద్రగర్భంలో గుర్తించిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకోదానికి జియాలజీ ప్రొఫెసర్ సి. మహాదేవన్ పేరు పెట్టారు. ఇవాళ లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, సముద్ర విభాగానికీ నగరంలో కార్యాలయం ఉంది. ఆ సంస్థకు ‘సముద్ర రత్నాకర్’ అనే పరిశోధక నౌక ఉంది. హైదరాబాదు వెళ్తే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. గోవాలో సముద్ర విజ్ఞాన సంస్థ ప్రధాన కార్యాలయం, ధ్రువ పరిశోధన కేంద్రం.

దారి ఇలా ఉంటుంది. ఇంటర్ సైన్సు తర్వాత జియాలజీ ఉన్న బీఎస్సీ, ఆపై ఎమ్మెస్సీ. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటుకు ఏపీ పీజీసెట్, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. అసలు పెద్ద తలుపు మాత్రం యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. వయసు 21 నుంచి 32 లోపు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. జీఎస్ఐలో గెజిటెడ్ హోదా, మూలవేతనం 56,100 రూపాయలతో మొదలు. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణం, సముద్రం కలిసిన పేపరు ఉంది. జేఆర్ఎఫ్, అంటే పరిశోధక భృతి, వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. గేట్ పేపరు ఐఐటీల్లో పీహెచ్‌డీ సీటుకు పనికొస్తుంది.

కెమిస్ట్రీ చదివినవాళ్లు ఇక్కడ ఆగండి, ఇది మీకోసమే. జీఎస్ఐ అదే పరీక్షతో కెమిస్టులనూ తీసుకుంటుంది. ఈ సంగతి మన కెమిస్ట్రీ పీజీ పిల్లల్లో చాలామందికి తెలియదు. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రయోగశాలల్లో ముడి ఇనుమును, స్లాగ్‌ను పరీక్షించే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం బూడిద రసాయనాన్నీ చెబుతుంది. ఉక్కులోని మలినాల రేణువులను వెతికే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గాజు ముక్కనూ పెట్టవచ్చు. కాబట్టి ఉక్కునగరంలో అప్రెంటిస్‌గా ఈ యంత్రాల మీద చేయి తిరిగితే, ఆ అనుభవాన్ని దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయండి. నమూనా ఎలా తయారుచేశారు, ప్రామాణిక నమూనాతో ఎలా సరిచూశారు అని రెండు వాక్యాలు రాస్తే, పేరు గొప్ప సర్టిఫికెట్ కంటే అది బరువు తూగుతుంది.

చదువుతుండగా చేయదగిన పనులు కొన్ని. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి, ఒక గట్టు ఎన్నుకుని పొరలు గీయండి. మందం, రంగు, రేణువు పరిమాణం రాయండి. అక్కడ బూడిద పొర కోసం కాదు వెళ్లేది, కన్ను అలవాటు పడటం కోసం. అది జాతీయ భూవారసత్వ స్థలం, మట్టి తవ్వి తేకండి. మైక్రోస్కోపు దొరికితే బీచ్ ఇసుకను గంటలకొద్దీ చూడండి. అందులోని గార్నెట్, ఇల్మెనైట్ ఖనిజాలను పేరుపెట్టి గుర్తించగలగాలి. పైథాన్ లేదా ఆర్ కొంచెమైనా రావాలి. కోర్ లెక్కలన్నీ చివరికి పట్టికలే. ఓడ ఎక్కాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి: యాత్ర వారాలపాటు సాగుతుంది, షిఫ్టులు రాత్రిళ్లూ ఉంటాయి, మొదటి రెండు మూడు రోజులు కడుపులో తిప్పడం మామూలే.

జియో సైంటిస్ట్ నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరులో వస్తుంది, ప్రిలిమ్స్ ఫిబ్రవరిలో. పీజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ దరఖాస్తు చేయవచ్చు. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు వాటిలో ఒక మెయిన్స్ పేపరు గడియారం పెట్టుకుని రాసి చూడండి.