మధుమేహము, హృద్రోగము : చికిత్సకు మూడవ పాదము

చికిత్సకు నాలుగు పాదములున్నవని చరకాచార్యులు సూత్రస్థానములో చెప్పియున్నారు. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నేడు మొదటి రెండింటికి కొదువ లేదు. మా పురానాపూల్ చుట్టుప్రక్కల వీధి వీధికి మందుల దుకాణమున్నది. కొద్ది దూరములోనే ఉస్మానియా ఆసుపత్రి ఉన్నది. అయినను మానని పుండుతో, ఉబ్బిన కాళ్ళతో, ఆయాసముతో వచ్చు మధుమేహ రోగులను నేను నిత్యము చూచుచున్నాను. వీరిలో చాలామందికి కరవైనది మందు కాదు, మూడవ పాదమైన పరిచారకుడు.

రెండు రోగముల సంబంధము

ప్రమేహములు ఇరువది అని, అందు వాతజమైన మధుమేహము సంపూర్ణముగ నయము కానిదని మన శాస్త్రము చెప్పినది. పుట్టుకతో సంక్రమించునది, అపథ్యము వలన కలుగునది అని సుశ్రుతుడు ప్రమేహమును రెండు విధములుగ విభజించినాడు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో మధుమేహ రోగులు సుమారు 10 కోట్ల మంది.

రక్తములో చక్కెర చిరకాలము హెచ్చుగ ఉన్నచో రక్తనాళముల లోపలి పొర చెడును. రక్తపోటు, కొలెస్టరాలు తోడైనచో గుండె నాళములు పూడుకొనును. నరములు మొద్దుబారుట వలన కొందరికి గుండెపోటులో నొప్పియే తెలియదు. ఆకస్మికముగ ఆయాసము, చెమట, వాంతి, దవడలోగాని ఎడమ చేతిలోగాని బరువు కనిపించినచో తైలమర్దనములతో, వాము నీళ్ళతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కి కబురు చేయవలెను.

పరిచారకుని విలువ

2016లో వెలువడిన క్యార్స్ అను పరిశోధన చరకుని మాటకు చక్కని నిదర్శనము. భారత, పాకిస్తాన్ దేశములలోని 10 చికిత్సాలయములలో, మధుమేహము అదుపులో లేని 1146 మందిని సుమారు రెండున్నర సంవత్సరములు పరిశీలించినారు. ఒక వర్గమునకు మామూలు వైద్యము జరిగినది. రెండవ వర్గమునకు, రోగిని వెన్నంటి ఉండి పరీక్షలను, మందులను గుర్తు చేయు సహాయకుని, వైద్యునికి సూచనలిచ్చు కంప్యూటరు ఏర్పాటును సమకూర్చినారు. చక్కెరతో పాటు రక్తపోటుగాని, కొలెస్టరాలుగాని అదుపునకు వచ్చినవారు రెండవ వర్గములో నూటికి 18 మంది. మొదటి వర్గములో 8 మంది మాత్రమే. ఇందులో కొత్త మందు ఏదియు లేదు.

ఇంటిలో ఒకరు ఈ బాధ్యత వహింపవచ్చును. బేగంబజారులో వ్యాపారము చేయు ఒక పెద్దమనిషికి రాత్రివేళ చెమటలు, వణుకు వచ్చుచుండెను. ఆయన కోడలు మామగారి మందులన్నియు ఖాతా పుస్తకములో వ్రాసి నా వద్దకు తెచ్చినది. ఇద్దరు వైద్యులు వేర్వేరు కంపెనీల పేర్లతో వ్రాసిన బిళ్ళలు రెండును ఒకే మందు. ఆ జాబితాను ఆయన వైద్యునికి చూపించగా ఒకటి మాన్పించినారు; చెమటలు ఆగినవి.

పుస్తకములో వ్రాయవలసినవి

1. హెచ్‌బీఏ1సీ : మూడు నెలలకొకసారి. చాలామందికి 7 శాతము లోపు ఉండవలెను. వృద్ధులకు ఎంత ఉండవలెనో వైద్యుడు నిర్ణయించును.
2. రక్తపోటు : నెలకొకసారియైనను. సాధారణముగ 130/80 లోపు.
3. ఎల్‌డీఎల్ కొలెస్టరాలు : ఏడాదికొకసారి. 100 లోపు, గుండెజబ్బు ఉన్నవారికి ఇంకను తక్కువ.
4. కంటి పరీక్ష, మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ : ఏడాదికొకసారి.
5. పాదములు : ప్రతిదినము. వ్రేళ్ళ సందులు, అరికాళ్ళు వెలుతురులో చూడవలెను.
6. వాడుచున్న మందులన్నియు, మా ఆయుర్వేద మందులతో సహా.

మన మందులతోను జాగ్రత్త

ఆయుర్వేదమనగా అపాయము లేనిదని తలంచుట పొరపాటు. ఆసవారిష్టములలో బెల్లము, లేహ్యములలో చక్కెర ఉండును. లవణభాస్కర చూర్ణములోని ఉప్పు రక్తపోటు రోగులకు తగదు. అతిమధురము ఎక్కువ దినములు వాడినచో రక్తపోటు పెరుగును. చక్కెరను తగ్గించు బిళ్ళలతో పాటు కాకరరసము విరివిగ త్రాగినచో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. ఏ కషాయమును ఇన్సులిన్‌కు బదులు కానేరదు. నా వద్దకు వచ్చువారికి నేను చెప్పు మొదటి మాట ఇదియే.

పథ్యము

1578లో కట్టిన మా పాత వంతెన మీద కూరగాయల అంగళ్ళు వెలసినవి. బీర, సొర, పొట్ల, మెంతికూర వంటివి సగము పళ్ళెము నింపవలెను. జొన్నరొట్టె మేలైనదే, కాని లెక్క లేక తినరాదు, అదియు పిండిపదార్థమే. ఏకాదశియైనను, రంజానైనను ఉపవాసమునకు కొన్ని వారముల ముందే వైద్యుని అడిగి మందుల వేళలు మార్చుకొనవలెను.

పరిచారకునికి నేర్పు, శుచిత్వము, రోగిపై అనురాగము ఉండవలెనని శాస్త్రము. ఈ అనురాగము మన ఇళ్ళలో పుష్కలముగ ఉన్నది. దానికి ఒక పుస్తకము, ఒక కలము జోడించిన చాలును. ఈ రోజే ఇంటిలో ఆ పని ఎవరిదో నిర్ణయించుకొనుడు.