మధ్యాహ్నం చుట్టుకునే జొన్నాకు

ప్రశ్న: నల్లరేగడిలో రబీ జొన్న వేశాను. నెల దాటినా చినుకు లేదు. మధ్యాహ్నానికి ఆకులు గొట్టంలా చుట్టుకుంటున్నాయి. పైరు చచ్చిపోతుందా?
– ఒక రైతు, ఆలూరు, కర్నూలు జిల్లా

జవాబు: ఇది చావు కాదండీ, బెట్టను తట్టుకునే ప్రయత్నం. చుట్టుకున్న ఆకుకు ఎండ తక్కువ తగులుతుంది. ఆకు మీది సన్నని రంధ్రాలు మూసుకుని నీటిని ఆపుతాయి. అయితే రంధ్రాలు మూసుకుంటే ఆహారం తయారీ తగ్గి ఎదుగుదల మందగిస్తుంది.

సాళ్ల మధ్య గుంటక తోలి నెర్రెలు పూడ్చండి. ఒక్క తడికే నీళ్లుంటే పొట్ట దశకు దాచుకోండి. బెట్టకొచ్చిన లేత జొన్నను మాత్రం పశువులకు మేపకండి. అందులోని సైనైడ్ విషం నిమిషాల్లో ప్రాణం తీయగలదు. మేసిన పశువు వణికితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

తెల్లవారినా ఆకు విప్పుకోకపోతే, వేళ్లతో సహా రెండు మొక్కలు తీసుకుని రైతు సేవా కేంద్రానికో నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికో వెళ్లండి.