వెనక్కి రావడం కూడా పనితనమే

2022 జనవరి 11, సంక్రాంతి వారం. ఒమిక్రాన్ రోజులు కావడంతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది భీమవరం, అమలాపురం, రాజమండ్రి, కాకినాడల్లోని సొంతిళ్ల నుంచే పనిచేస్తున్నారు. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ తన అప్‌డేట్లను విడుదల చేస్తుంది. మనకు అప్పటికి రాత్రవుతుంది. ఆ నెల అప్‌డేట్ ఎక్కించుకున్న కొన్ని సంస్థల్లో డొమైన్ కంట్రోలర్లు వాటంతటవే రీస్టార్ట్ అవుతూ పోయాయి. ఉద్యోగి పాస్‌వర్డ్ కొట్టగానే 'ఇతను మనవాడే' అని తేల్చే సర్వర్లవి. విండోస్ సర్వర్ 2012 ఆర్2 లాంటి పాత వెర్షన్లలో హైపర్-వి అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే వర్చువల్ మెషీన్లు అసలు లేవలేదు. మైక్రోసాఫ్ట్ నుంచి దిద్దుబాటు వచ్చేసరికి జనవరి 17 అయింది. పండగ వెళ్లిపోయింది. ఈలోగా ఎంతోమంది అడ్మిన్లకు మిగిలిన దారి ఒక్కటే: ఎక్కించిన అప్‌డేట్‌ను తీసేయడం.

వినడానికి చిన్న పనే. కానీ నడుస్తున్న సర్వర్ నుంచి అప్‌డేట్‌ను క్షేమంగా తీయగలిగినవాడు తన రంగంలో నిజంగా చేయి తిరిగినవాడు. ఎందుకంటే ఎక్కించడం ఎవరైనా నేర్పుతారు. తీయడం నేర్పేవాళ్లు అరుదు. బతుకులోనూ ఇదే లోటు. కోర్సులో చేరమంటారు, వ్యాపారం మొదలుపెట్టమంటారు, ఊరు మారమంటారు. సరిపడకపోతే ఎలా బయటపడాలో మాత్రం చెప్పరు. పైగా 'వెనకడుగు వేస్తే నలుగురిలో పరువు పోతుంది' అని భయపెడతారు. ఆ భయంతోనే ఎంతోమంది తప్పని తెలిసిన దారిలోనే ఏళ్లకేళ్లు నడుస్తారు.

వెనక్కి రావడం ఓటమి కాదు. అదొక పనితనం, సాధనతో అబ్బుతుంది. మంచి సర్వర్ అడ్మిన్ దగ్గర దాన్ని ఐదు పాఠాలుగా నేర్చుకోవచ్చు.

1. తిరుగుదారి ముందే వేసుకోండి

అప్‌డేట్ తీయడం సమస్య వచ్చిన రాత్రి మొదలవదు. ఎక్కించే ముందే మొదలవుతుంది. బ్యాకప్ తీసుకుంటే చాలదు, దాన్ని వేరే మెషీన్ మీద ఒకసారి తిరిగి లేపి చూడాలి. ఏ కేబీ నంబర్ అప్‌డేట్ ఎప్పుడు ఎక్కిందో రాసిపెట్టుకోవాలి. డిస్క్‌లో చోటు కోసం చేసే శుభ్రత కూడా ఆలోచించి చేయాలి. విండోస్‌లో 'రీసెట్‌బేస్' అనే ఆప్షన్‌తో పాత ఫైళ్లను ఊడ్చేస్తే కాసింత చోటు కలిసొస్తుంది, నిజమే. కానీ అప్పటిదాకా ఎక్కిన అప్‌డేట్లను ఇక తీయలేం. లైనక్స్ కుటుంబంలోని రెడ్‌హ్యాట్ ఈ జాగ్రత్తను తనే తీసుకుంటుంది. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను కొత్తది వేసినా పాతదాన్ని చెరిపేయదు, మామూలుగా మూడు కెర్నళ్లను ఉంచుతుంది. కొత్తది లేవకపోతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే చాలు.

మీరూ అంతే. ఉద్యోగం మానేసేటప్పుడు పాత ఆఫీసువాళ్లతో తగవు పెట్టుకుని రాకండి. కొత్త వ్యాపారంలో ఉన్నదంతా పెట్టేయకండి, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంచండి. 'వెనక్కి చూసే ప్రసక్తే లేదు' అన్న మాట సభల్లో చప్పట్లు కొట్టిస్తుంది. ఇంటి అద్దె కట్టదు.

తాళంచెవి ఎక్కడుందో కూడా చూసుకోండి. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర చూపించి ఆగిపోయాయి. మన టైములో ఉదయం 9.39కి వెళ్లిన ఆ ఫైలును కంపెనీ 10.57కి సరిదిద్దింది. అంటే 78 నిమిషాలు. అయినా అప్పటికే పడిపోయిన యంత్రాలకు ఆ దిద్దుబాటు అందలేదు. చాలాచోట్ల మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే డిజిటల్ తాళం ఉన్నచోట రికవరీ కీ అడిగింది. ఆ కీలు దాచిన సర్వర్ కూడా అదే దెబ్బకు పడిపోయి ఉంటే? గదిలో తాళంచెవి పెట్టి గది తలుపు వేసేసినట్టే. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. పెన్నూ కాగితమూ తిరుగుదారి అయ్యాయి. సిగ్గుపడాల్సిన పనేం కాదది. విమానాలు కదిలాయి, అదే ముఖ్యం.

2. ఎప్పుడు ఆగాలో ముందే గీత గీసుకోండి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. వరద వచ్చాక కూర్చుని 'ఇప్పుడు ప్రమాదం అందామా, ఇంకాసేపు చూద్దామా' అని ఎవరూ చర్చించరు. అంకె ముందే ఉంది. నీరు దాన్ని తాకగానే హెచ్చరిక వెళ్తుంది, లంక గ్రామాల్లో పడవలూ పునరావాస కేంద్రాలూ సిద్ధం చేసే పని మొదలవుతుంది. కంగారులో మనిషి సరిగ్గా ఆలోచించలేడు కాబట్టి, నిదానంగా ఉన్న రోజే ఆలోచించి గీత గీసిపెట్టారు.

సర్వర్ల దగ్గరా ఇదే మర్యాద. రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు పని చేయడానికి టైమిచ్చారనుకుందాం. తీసేయడానికి గంటన్నర పడుతుందని తెలుసు. అలాంటప్పుడు రెండున్నర లోపు పరిస్థితి కుదుటపడకపోతే ఇక చర్చ లేదు, తీసేయడమే. ఆ టైమును ఆ పనికి అనుమతి పత్రమైన చేంజ్ టికెట్‌లో ముందే రాస్తారు. రెండున్నరకు 'ఇంకో పది నిమిషాలు చూద్దాం అన్నా' అనే కుర్రాడు అందరికీ కనిపిస్తాడు. ఆ పది నిమిషాలే తెల్లారిపోతాయి.

గ్రూప్స్ పరీక్షలకు కూర్చునేవాళ్లూ, విదేశీ చదువుకు అప్పు చేసేవాళ్లూ, హోటల్ పెట్టేవాళ్లూ మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోవాలి: ఎంత కాలం, ఎంత డబ్బు, ఏ గుర్తు కనిపిస్తే మానేస్తాను. తేదీ వేసి ఇంట్లో ఒకరికి చూపించండి. ఆ రోజు వచ్చినప్పుడు మనసు ఏవేవో సాకులు చెబుతుంది. కాగితం చెప్పదు.

3. కారణం అదేనా? తేల్చుకున్నాకే చేయి పెట్టండి

సర్వర్ మొరాయించగానే నిన్న ఎక్కిన అప్‌డేట్ మీద అనుమానం పడుతుంది. తరచూ నిజమే అవుతుంది, ప్రతిసారీ కాదు. అదే రాత్రి ఫైర్‌వాల్ నియమం మారి ఉండొచ్చు, సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు, డిస్క్ నిండిపోయి ఉండొచ్చు. అనుభవం ఉన్న సీనియర్‌కూ ఆన్‌కాల్‌లో ఉన్న జూనియర్‌కూ మధ్య ఫోన్ ఇలా నడుస్తుంది:

"అన్నా, అప్‌డేట్ తీసేయనా?"

"ఆగమ్మా. ఈవెంట్ లాగ్‌లో మొదటి ఎర్రర్ ఏ టైముకుంది?"

"ఒంటిగంటా పది."

"రీబూట్ ఎప్పుడైంది?"

"ఒంటిగంటా ఎనిమిదికి."

"సరే, అనుమానం బలంగానే ఉంది. ఒక్క సర్వర్‌లో తీసి చూడు. మిగతావి ముట్టుకోకు. ఏం చూశావో గ్రూపులో పెట్టు."

అన్నీ ఒకేసారి తీసేస్తే ఏది తీసినందుకు బాగుపడిందో తెలియదు. ఒకటి తీయాలి, చూడాలి, రాయాలి. ఇంట్లో మనశ్శాంతి లేదని ఉద్యోగం మానేసి, ఊరు మారి, స్నేహితులను వదిలేసేవాళ్లు ఉంటారు. అసలు కారణం నిద్రలేమో, తీరని అప్పో అయి ఉంటుంది. అన్నీ వదిలేశాక కూడా అది వెంటే వస్తుంది.

4. వెనక్కి రానివీ ఉంటాయి, గుర్తుపట్టండి

ఐబీఎం తయారుచేసిన ఏఐఎక్స్ సర్వర్లలో చక్కని ఏర్పాటుంది. కొత్త అప్‌డేట్‌ను 'అప్లై' చేస్తే పాత ఫైళ్లు పక్కన భద్రంగా ఉంటాయి. నచ్చకపోతే 'రిజెక్ట్' చేయొచ్చు. బాగా నడుస్తోందని నమ్మకం కుదిరాక 'కమిట్' చేస్తారు. అప్పుడు పాత ఫైళ్లు పోతాయి. ఇక రిజెక్ట్ లేదు. విండోస్‌లోనూ ఇలాంటి మెలిక ఉంది. ఇప్పటి ఉమ్మడి ప్యాకేజీల్లో వచ్చే, అప్‌డేట్లను ఎక్కించే 'సర్వీసింగ్ స్టాక్' భాగం ఒకసారి చేరితే బయటికి రాదు. అందుకే అలవాటైన 'వూసా' కమాండ్ పనిచేయదు. మిగతా భాగాన్ని పేరు వెతికి 'డిస్మ్' అనే మరో కమాండ్‌తో విడిగా తీయాలి. డేటాబేస్ నిర్మాణమే మారిపోతే ప్రోగ్రామ్‌ను వెనక్కి తెచ్చినా డేటా వెనక్కి రాకపోవచ్చు.

దీన్ని మన డెల్టా రైతుకు ఎవరూ వివరించక్కర్లేదు. వరి చేనును చెరువుగా తవ్వి రొయ్యలు వేయడం కొన్నాళ్ల పని. ఉప్పు పట్టిన నేలలో మళ్లీ వరి పండాలంటే ఏళ్లు పడుతుంది. పక్క చేను కూడా ఆ ఉప్పును పంచుకుంటుంది. అలాంటి నిర్ణయం తప్పని నేననడం లేదు. దానికి వేరే కొలత కావాలంటున్నాను. వెనక్కి రాగలిగే నిర్ణయాలను చకచకా తీసుకోండి. పరీక్షించి చూడండి, తప్పితే మార్చుకోండి. వెనక్కి రాలేని వాటి దగ్గర మాత్రం నిద్రపోయి లేచి, పెద్దవాళ్లను అడిగి, లెక్క వేసి, అప్పుడు సంతకం పెట్టండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. చొక్కా కొనడానికి నాలుగు షాపులు తిరుగుతారు, పొలం తనఖా కాగితం మీద నిమిషంలో సంతకం పెడతారు.

5. తీసేశాక అసలు బాధ్యత మొదలవుతుంది

2022 జనవరి అప్‌డేట్లలో సర్వర్లను ఇబ్బంది పెట్టిన లోపంతో పాటు సర్వర్లను కాపాడే దిద్దుబాట్లూ ఉన్నాయి. వాటిలో ఒకటి హెచ్‌టీటీపీ.సిస్ అనే భాగంలోని తీవ్రమైన భద్రతా లోపానికి సంబంధించింది. తీవ్రత కొలిచే పది పాయింట్ల స్కేలు మీద దానికి 9.8 వచ్చింది. అప్‌డేట్ తీసేస్తే కొత్త లోపం పోతుంది, పాత కన్నం మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి తీసేసిన అడ్మిన్ ఊపిరి పీల్చుకుని పడుకోడు. అదే అప్‌డేట్ తనంతట తాను మళ్లీ ఎక్కకుండా ఆపి ఉంచుతాడు. ఆ కన్నానికి తాత్కాలిక కాపలా పెడతాడు. ఏం జరిగింది, ఎందుకు తీశాం, మళ్లీ ఎప్పుడు ఎక్కిస్తాం అన్న మూడూ రాస్తాడు. దిద్దుబాటు వచ్చిన జనవరి 17న మళ్లీ మొదలుపెట్టినవాడే తన పని పూర్తిచేసినట్టు.

మనం వెనక్కి వచ్చాక చేసే తప్పు ఇక్కడే ఉంది. ఇంగ్లిష్‌లో మాట్లాడబోయి ఒకసారి తడబడితే జన్మకు నోరు తెరవం. మొదటి వ్యాపారం పోతే 'మనకు అచ్చిరాదు' అనేస్తాం. అది వెనక్కి రావడం కాదు, ఆగిపోవడం. తిరిగి ప్రయత్నించే తేదీ లేని వెనకడుగు మెల్లగా అలవాటై కూర్చుంటుంది. జబ్బున్న అప్‌డేట్‌ను తీయాలి కానీ అప్‌డేట్లే వద్దనుకున్న సర్వర్ ఎక్కువ కాలం క్షేమంగా ఉండదు. మనిషీ అంతే.

ఇక చేయాల్సింది

ఈ రోజే, వీలైతే ఈ గంటలోనే, మీరు తలపెట్టిన ఒక మార్పును ఎంచుకోండి. ఉద్యోగం కావచ్చు, చదువు కావచ్చు, ఇల్లు కావచ్చు. నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఇది బెడిసికొడితే ఎటు తిరిగి వస్తాను? ఏ గుర్తు కనిపిస్తే వస్తాను? ఇందులో తిరిగిరానిది ఏమిటి? వచ్చాక మళ్లీ ఎప్పుడు ప్రయత్నిస్తాను?

నాలుగింటికీ జవాబు ఉంటే ఇక సందేహించకండి, మొదలుపెట్టండి. ఏ ఒక్కదానికి లేకపోయినా ముందు ఆ జవాబు వెతకండి. ఈ అలవాటు ఉన్న కుర్రాడికి ఏ కంపెనీ అయినా తన సర్వర్లను అప్పగిస్తుంది. ఈ అలవాటు ఉన్న మనిషికి ఇల్లు కూడా నిశ్చింతగా తన భవిష్యత్తును అప్పగిస్తుంది.